ఒకేలాంటి ఫొటోలను పర్సెప్చువల్ హ్యాష్‌తో పట్టుకోవడం ఎలా?

ఒక ఫొటోను మెసేజింగ్ యాప్‌లో ఎవరికైనా పంపి, అక్కడ సేవ్ అయిన కాపీని తెప్పించుకుని అసలు ఫొటో పక్కన పెట్టి చూడండి. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం కావు. ఫైలు పరిమాణం వేరు, పిక్సెళ్ల సంఖ్య వేరు, లోపలి బైట్ల వరుసకు పోలికే ఉండదు. ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-256 వంటి మామూలు హ్యాష్‌లు (ఫైలులోని బైట్ల నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి చిన్న సంఖ్యలు) తీస్తే, ఏ సంబంధమూ లేని రెండు ఫైళ్లకు వచ్చినట్టే వస్తాయి. అది వాటి లోపం కాదు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఫలితంలో దాదాపు సగం బిట్లు తారుమారు కావాలని పట్టుబట్టి తయారుచేసిన హ్యాష్‌లవి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెక్కుచెదరలేదని తేల్చుకోవడానికి అలాంటివే కావాలి.

పర్సెప్చువల్ హ్యాష్ పద్ధతి ఇందుకు తలకిందులు. బొమ్మ కొంచెం మారితే హ్యాష్ కూడా కొంచెమే మారాలి. కంటికి తెలియని తేడా హ్యాష్‌కూ తెలియకూడదు. ఫోల్డర్లలో పేరుకుపోయిన నకళ్లను ఏరాలన్నా, మీ వెబ్‌సైటుకు కొత్తగా వచ్చిన ఫొటో ఇంతకుముందే ఉందేమో చూడాలన్నా, మెషీన్ లెర్నింగ్ కోసం సేకరించిన బొమ్మల్లో ఒకటే అటు శిక్షణలోనూ ఇటు పరీక్షలోనూ దూరకుండా చూసుకోవాలన్నా పద్ధతి ఒకటే. కింది అడుగులు పైథాన్‌లోని పిల్లో, ఇమేజ్‌హ్యాష్ లైబ్రరీలను దృష్టిలో పెట్టుకుని రాశాను. వేరే భాషలో చేసినా లెక్క మారదు.

ఏ పోలిక కావాలో ముందు తేల్చుకోండి

మూడు రకాల పోలికలను చాలామంది కలగాపులగం చేస్తుంటారు. ఒకే ఫొటో నుంచి పుట్టిన కాపీలు మొదటి రకం: పరిమాణం తగ్గించినవి, మళ్లీ కంప్రెస్ చేసినవి, వెలుగు కాస్త పెంచినవి, మూలన వాటర్‌మార్క్ వేసినవి. ఒకే దృశ్యాన్ని కొద్ది తేడాతో రెండుసార్లు తీసిన ఫొటోలు రెండో రకం. ఒకే జాతి వస్తువు కనిపించే వేర్వేరు ఫొటోలు మూడో రకం.

మొదటిదానికి హ్యాష్ చక్కగా సరిపోతుంది. రెండో రకం దొరకడం కెమెరా ఎంత కదిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడోదానికి పనికిరాదు. పిల్లి ఉన్న ఫొటోలన్నీ కావాలంటే హ్యాష్‌కు పిల్లి తెలియదు, బొమ్మలో వెలుగు ఎక్కడుంది, నీడ ఎక్కడుంది అన్నదే తెలుసు. ఆ పనికి 2021లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన క్లిప్ లాంటి మోడళ్లు ఇచ్చే వెక్టర్లు, అంటే బొమ్మలో ఏముందో సూచించే సంఖ్యల వరుసలు వాడాలి. అలాగే ఫొటోలో సగం కత్తిరించి మిగతాది వాడుకున్న సందర్భాలూ సాధారణ హ్యాష్‌కు చిక్కవు. వాటికి సిఫ్ట్, ఓఆర్‌బీ వంటి పద్ధతులతో బొమ్మలోని ప్రత్యేక బిందువులను వెతికి జతకలపాలి.

బొమ్మను సిద్ధం చేయండి

ఏ హ్యాష్ మంచిదన్న చర్చ మీద పెట్టే సమయంలో సగం ఈ అడుగు మీద పెడితే ఫలితాలు ఎక్కువ బాగుపడతాయి. తప్పిపోయిన నకళ్లలో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

ముందుగా ఫొటో దిశ. ఫోనును నిలువుగా పట్టుకుని తీసినా చాలా కెమెరాలు పిక్సెళ్లను అడ్డంగానే రాసి, ఎలా తిప్పి చూపాలో ఫొటో ఫైలులోనే దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో 1 నుంచి 8 వరకు ఒక అంకెగా పెడతాయి. ఫొటో చూపించే యాప్ ఆ అంకెను చదివి తిప్పుతుంది. మీ ప్రోగ్రామ్ చదవకపోతే ఒకే ఫొటోకు చెందిన రెండు కాపీలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, పూర్తిగా వేరే హ్యాష్‌లు ఇస్తాయి. దీన్ని సరిచేసే ఫంక్షన్ పిల్లోలో సిద్ధంగా ఉంది. ఫైలు తెరిచిన వెంటనే, మరే పనీ చేయకముందే దాన్ని పిలవండి.

తరువాత పారదర్శకత. పీఎన్‌జీ బొమ్మల్లో కంటికి కనిపించని భాగాల వెనక ఏదో ఒక రంగు దాగి ఉంటుంది. అది ఒక ఫైలులో నలుపు, మరో ఫైలులో తెలుపు కావచ్చు. అందుకే ప్రతి బొమ్మనూ ఒక తెల్లని నేపథ్యం మీద పరచి, ఆపైన గ్రేస్కేల్‌కు, అంటే రంగుల్లేని నలుపు తెలుపు ఛాయలకు మార్చండి. గ్రేస్కేల్ లెక్కలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు బరువు ఇవ్వడం వాడుక. మన కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి ఈ తేడా. కదిలే జిఫ్ అయితే మొదటి ఫ్రేమ్ తీసుకోండి. పైనా కిందా నల్ల పట్టీలున్న స్క్రీన్‌షాట్లు ఎక్కువగా ఉంటే ఆ పట్టీలను ముందే కత్తిరించండి.

ఇక పరిమాణం తగ్గించే పద్ధతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. వేల పిక్సెళ్ల బొమ్మను ఒక్కసారిగా 9 పిక్సెళ్లకు తెచ్చేటప్పుడు కొన్ని పద్ధతులు ఆ ప్రాంతంలోని పిక్సెళ్లన్నిటి సగటు తీసుకుంటాయి, కొన్ని అక్కడక్కడా కొన్నిటినే ఏరుకుంటాయి. బొమ్మల పనికి వాడే మరో లైబ్రరీ ఓపెన్‌సీవీలో మీరేమీ చెప్పకపోతే జరిగేది రెండోదే. దాంతో తీసిన హ్యాష్‌ను పిల్లోతో తీసిన హ్యాష్‌తో పోలిస్తే ఒకే ఫొటోకు కూడా తేడాలు వస్తాయి. ఏదో ఒక లైబ్రరీ, పరిమాణం తగ్గించే ఒకే పద్ధతి (ఫిల్టర్) ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

హ్యాష్ లెక్కించండి

అన్నిటికన్నా తేలికైనది సగటు హ్యాష్. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్లకు తగ్గించి, 64 పిక్సెళ్ల సగటు తీసి, సగటుకన్నా ప్రకాశవంతమైన పిక్సెల్‌కు 1, కానిదానికి 0 రాయడమే. అర్థం కావడానికి బాగుంటుంది కానీ పనికి నేను సిఫారసు చేయను. ఆకాశం పైన, నేల కింద ఉన్న ప్రతి ఫొటో దీనికి ఒకేలా కనిపిస్తుంది.

తేడా హ్యాష్‌తో మొదలుపెట్టండి. డీహ్యాష్ అనే పేరుతో లైబ్రరీల్లో దొరుకుతుంది. నీల్ క్రావెట్జ్ 2013లో రాసిన వివరణతో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఇందులో బొమ్మను 9 అడ్డం, 8 నిలువు పిక్సెళ్లకు తగ్గిస్తారు. ప్రతి వరుసలోనూ ఎడమ పిక్సెల్‌ను దాని కుడి పక్కదానితో పోల్చి, కుడిది ఎక్కువ ప్రకాశంగా ఉంటే 1, లేకపోతే 0 రాస్తారు. 9 పిక్సెళ్లకు 8 పోలికలు, 8 వరుసలకు మొత్తం 64 బిట్లు.

ఒక వరుస చేతితో చేసి చూద్దాం. పిక్సెళ్ల విలువలు ఇవి అనుకోండి: 120, 124, 131, 131, 90, 88, 95, 140, 138. 120 నుంచి 124కు పెరిగింది, 1. 124 నుంచి 131కి పెరిగింది, 1. 131, 131 సమానం, 0. 90కి తగ్గింది, 0. 88కి తగ్గింది, 0. 95కు పెరిగింది, 1. 140కి పెరిగింది, 1. 138కి తగ్గింది, 0. వచ్చిన వరుస 11000110.

ఇప్పుడు ఎవరో ఈ ఫొటో వెలుగు పెంచారు. ప్రతి విలువకూ 20 కలిసింది. పెరిగేచోట ఇంకా పెరుగుతూనే ఉంది, తగ్గేచోట తగ్గుతూనే ఉంది, ఒక్క బిట్ కూడా మారదు. ఈ పద్ధతి బలమంతా ఇదే. బలహీనత కూడా ఈ వరుసలోనే ఉంది. మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసినప్పుడు నాలుగో పిక్సెల్ 131 కాస్తా 132 అయిందనుకోండి. కంటికి తెలియని మార్పు, అయినా మూడో బిట్ 0 నుంచి 1కి మారి వరుస 11100110 అవుతుంది. అంటే మబ్బులేని ఆకాశం, ఖాళీ గోడ వంటి చదునైన ప్రాంతాలున్న ఫొటోల్లో బిట్లు ఊరికే అటూ ఇటూ దొర్లుతుంటాయి. పూర్తిగా ఒకే రంగున్న బొమ్మ అయితే 64 సున్నాలు వస్తాయి, ఖాళీ బొమ్మలన్నీ ఒకదానికొకటి నకళ్లుగా తేలతాయి. అందుకని హ్యాష్ తీసేముందు గ్రేస్కేల్ విలువల ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) చూసి, మరీ తక్కువగా ఉన్న బొమ్మలను వేరే గుంపుగా పక్కన పెట్టండి.

డీహ్యాష్ చాలకపోతే అప్పుడు పీహ్యాష్. ఇందులో బొమ్మను 32 అడ్డం, 32 నిలువుకు తగ్గించి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ చేస్తారు. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి 1974లో ప్రచురించిన గణితం ఇది. బొమ్మను నెమ్మదిగా మారే అలలు, వేగంగా మారే అలలు అని విడదీస్తుంది. నెమ్మదైన అలల్లో బొమ్మ స్థూల ఆకారం ఉంటుంది, వేగమైన వాటిలో సన్నని వివరాలు. పీహ్యాష్ ఎడమ పైమూలనున్న 64 నెమ్మదైన అలల విలువలను మాత్రమే ఉంచుకుని, వాటి మధ్యస్థం కన్నా ఎక్కువున్న వాటికి 1, తక్కువున్న వాటికి 0 రాస్తుంది. జేపెగ్ కంప్రెషన్ కూడా ఇదే గణితంతో నడుస్తుంది, ఎక్కువగా కోత పెట్టేది వేగమైన అలల మీదనే. పీహ్యాష్ వాటిని ముందే వదిలేసింది కాబట్టి గట్టి కంప్రెషన్‌కు కూడా పెద్దగా చలించదు. లెక్కకు పట్టే సమయం ఎక్కువే, కానీ ఫైలును తెరవడానికి పట్టే సమయం ముందు అది లెక్కలోకి రాదు.

దూరం కొలవండి

రెండు హ్యాష్‌లను పక్కపక్కన పెట్టి ఎన్ని చోట్ల బిట్లు వేరుగా ఉన్నాయో లెక్కించండి. అదే హ్యామింగ్ దూరం. పైన చూసిన 11000110, 11100110 మధ్య దూరం 1. ఇమేజ్‌హ్యాష్‌లో ఒక హ్యాష్ నుంచి మరొకదాన్ని తీసివేస్తే వచ్చే సంఖ్య ఇదే. సొంతంగా చేస్తే రెండు సంఖ్యలకూ ఎక్స్ఆర్ (బిట్లు వేరైన చోట 1, ఒకటైన చోట 0 ఇచ్చే లెక్క) చేసి, ఫలితంలోని 1లను లెక్కపెట్టడం. పైథాన్ 3.10 నుంచి పూర్ణాంకాలకు ఆ లెక్క భాషలోనే ఉంది.

హద్దు ఎక్కడ పెట్టాలి?

ఎంత దూరం లోపు ఉంటే నకలు అనాలి? అన్నిచోట్లా వినిపించే జవాబు 10. ఈ అంకెను కళ్లు మూసుకుని తీసుకోవద్దు. హద్దును పద్ధతి నిర్ణయించదు, మీ ఫొటోల సంఖ్య, మీ ఫొటోల స్వభావం నిర్ణయిస్తాయి.

సంఖ్య సంగతి చూడండి. 64 బిట్లూ నాణెం ఎగరేసినట్టు యాదృచ్ఛికంగా పడితే, రెండు వేర్వేరు బొమ్మల మధ్య దూరం సగటున 32 ఉంటుంది, ప్రామాణిక విచలనం 4. దూరం 10 లేదా అంతకన్నా తక్కువ రావడానికి అవకాశం సుమారు 10 కోట్లలో ఒకటి. వినడానికి నిశ్చింతగా ఉంది. మీ దగ్గర 1,000 ఫొటోలుంటే వాటిలో ఏర్పడే జతలు 4,99,500 మాత్రమే, నిశ్చింతగానే ఉండవచ్చు. లక్ష ఫొటోలుంటే జతలు దాదాపు 500 కోట్లు. అంటే ఏ పోలికా లేని జతలు ఓ 50 నకళ్లుగా బయటపడతాయి. అదే హద్దును 5కు దించితే అలాంటిది ఒక్కటి కూడా రాకపోవచ్చు.

పైగా ఇది ఆదర్శ లెక్క. నిజమైన ఫొటోలు నాణేల్లా పడవు. మనిషి మధ్యలో, వెలుగు పైనుంచి, నేపథ్యం తెలుపు: ఫొటోలు తీసేవాళ్లందరి అలవాట్లూ ఒకటే కాబట్టి బిట్లు కూడా ఒకే తీరుగా పడతాయి. తెల్లని నేపథ్యం మీద తీసిన అమ్మకపు వస్తువుల ఫొటోలైతే మరీను. హ్యాష్‌లో రంగు లేదన్నది కూడా గుర్తుంచుకోండి. ఒకే చొక్కా ఎరుపులో, నీలంలో ఉంటే రెండింటికీ ఒకే హ్యాష్ రావడం మామూలే. నింపిన దరఖాస్తులు, బిల్లులు, పుస్తకం పేజీల స్కాన్లలో అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు వస్తాయి. 9 పిక్సెళ్ల వెడల్పులో అక్షరాలు ఎక్కడ నిలుస్తాయి? ఒకే నమూనా మీద ఇద్దరు వేర్వేరు మనుషులు నింపిన కాగితాలు నకళ్లుగా తేలతాయి. అక్కడ అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేసి పాఠాన్ని పోల్చడమే మార్గం.

మీ హద్దును మీరే ఇలా కొలుచుకోండి. మీ సేకరణలోంచి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఓ రెండు మూడు వందల ఫొటోలు తీసుకోండి. ప్రతిదానికీ మీకు నిజంగా ఎదురయ్యే మార్పులే చేసి కాపీలు తయారుచేయండి: జేపెగ్ నాణ్యత 50కి తగ్గించడం, పరిమాణం సగం చేయడం, వెలుగు పెంచడం, అంచుల్లో నూటికి ఐదు వంతులు కత్తిరించడం, మూలన ముద్ర వేయడం. అసలు ఫొటోకూ దాని కాపీలకూ మధ్య దూరాలు ఒక పట్టికలో, వేర్వేరు ఫొటోల మధ్య దూరాలు మరో పట్టికలో రాసి, రెండింటికీ గ్రాఫ్ గీయండి. ఎడమవైపు ఒక గుట్ట, కుడివైపు ఒక గుట్ట కనిపిస్తాయి. మధ్యనున్న పల్లంలో హద్దు పెట్టండి. గుట్టలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కితే, ఏ మార్పు వల్ల అలా జరిగిందో విడిగా చూడండి. చాలాసార్లు అది అంచులు కత్తిరించిన కాపీల పనే అవుతుంది.

పల్లం కనిపించకపోతే 64 బిట్లకు బదులు 256 బిట్ల హ్యాష్ వాడి చూడండి. ఇమేజ్‌హ్యాష్‌లో హ్యాష్ పరిమాణాన్ని 8కి బదులు 16 ఇస్తే చాలు. అయితే హద్దు కూడా మారుతుంది, పాత 10ని అక్కడ పెట్టకూడదు. ఫేస్‌బుక్ 2019లో అందరికీ తెరిచిపెట్టిన పీడీక్యూ 256 బిట్ల హ్యాష్. అది సిఫారసు చేసే హద్దు 31. బొమ్మలో సరిపడినంత వివరం ఉందా లేదా చెప్పే నాణ్యత అంకెను కూడా 0 నుంచి 100 వరకు ఇస్తుంది. 50 కన్నా తక్కువ వస్తే ఆ హ్యాష్‌ను నమ్మవద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు.

తిప్పిన, అద్దంలోలా తిరగేసిన కాపీలు కూడా కావాలంటే నిల్వలో ప్రతి ఫొటోకూ ఒకే హ్యాష్ ఉంచండి. వెతికే ఫొటోకు మాత్రం నాలుగు దిశలు, వాటి అద్దపు రూపాలు కలిపి ఎనిమిది హ్యాష్‌లు తీసి వెతకండి. ఒక్కో వెతుకులాటలో ఎనిమిది అవకాశాలు ఇస్తున్నారు కాబట్టి పొరపాటు జతలూ ఆ మేరకు పెరుగుతాయి.

లక్షల్లో వెతకాలంటే

పది వేల ఫొటోల వరకు ఏ హంగూ అక్కరలేదు. జతలు 5 కోట్లలోపే, హ్యాష్‌లను 64 బిట్ల సంఖ్యలుగా పైథాన్ గణిత లైబ్రరీ నంపైలో పెట్టుకుంటే అన్నిటినీ అన్నిటితో పోల్చినా పని త్వరగానే ముగుస్తుంది. ఇమేజ్‌హ్యాష్ ఇచ్చే వస్తువులను అలాగే లూపులో తిప్పితే మాత్రం నెమ్మదిస్తుంది.

అంతకుమించితే ఒక పాత ఉపాయం ఉంది. 64 బిట్లను 16 చొప్పున నాలుగు ముక్కలు చేయండి. దూరం 3 లోపు ఉన్న రెండు హ్యాష్‌లలో తేడాలు మూడే కాబట్టి, నాలుగు ముక్కల్లో కనీసం ఒకటి అచ్చంగా కలిసి తీరాలి. ఒక్కో ముక్కకూ డేటాబేస్‌లో ఒక ఇండెక్స్ కట్టి, ఏదో ఒక ముక్క కలిసినవాటికే పూర్తి దూరం లెక్కించండి. హద్దు 7 కావాలంటే 8 బిట్ల ముక్కలు ఎనిమిది చేయాలి, కానీ ఒక్కో ముక్కకు 256 విలువలే ఉంటాయి కాబట్టి ప్రతి వెతుకులాటలోనూ చాలా హ్యాష్‌లు పోగవుతాయి. హద్దు పెద్దదైతే బర్క్‌హార్డ్, కెల్లర్ 1973లో ప్రతిపాదించిన బీకే వృక్షం (హ్యాష్‌లను వాటి మధ్య దూరాల ప్రకారం కొమ్మలుగా అమర్చే పద్ధతి) చూడండి. అదీ హద్దు పెరిగేకొద్దీ దాదాపు అన్ని కొమ్మలూ తిరగాల్సి వస్తుంది. కోట్లలో ఉంటే దగ్గరి పోలికలను వెతికే ఫైస్ లైబ్రరీలోని బైనరీ ఇండెక్సులు వాడుకోండి.

డేటాబేస్‌లో దాచేటప్పుడు ఒక చిక్కు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ రెండింటిలోనూ 64 బిట్ల పూర్ణాంకానికి మొదటి బిట్ రుణ గుర్తు. ఆ బిట్ 1 అయిన హ్యాష్‌ను నేరుగా పెట్టబోతే సంఖ్య పట్టదు. ముందే రుణసంఖ్యగా మార్చి పెట్టండి, లేదా 16 హెక్సాడెసిమల్ అక్షరాలుగా రాసుకోండి.

దొరికిన జతలను ఏం చేయాలి?

హ్యాష్ ఒక జల్లెడ మాత్రమే. పరిశీలించాల్సిన వాటిని ఏరి ఇస్తుంది, తీర్పు చెప్పదు. కాబట్టి దగ్గరగా తేలిన ప్రతి జతకూ రెండో పరీక్ష పెట్టండి. రెండు బొమ్మలనూ రంగులతోనే 64 అడ్డం, 64 నిలువుకు తగ్గించి పిక్సెళ్ల తేడా సగటు చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఎరుపు చొక్కా, నీలం చొక్కా ఇక్కడ విడిపోతాయి. ఇంకా గట్టిగా కావాలంటే రెండు బొమ్మల నిర్మాణం ఎంత కలుస్తుందో చెప్పే ఎస్ఎస్ఐఎం కొలత వాడండి. లక్షల కోట్ల జతల మీద చేయలేని ఈ పరీక్షలు కొన్ని వందల జతల మీద హాయిగా చేయవచ్చు.

గుంపులు కట్టేటప్పుడు గొలుసు ఏర్పడకుండా చూడండి. మొదటిది రెండోదానికి దగ్గర, రెండోది మూడోదానికి దగ్గర, అలా పోయి పోయి గుంపు చివరనున్న ఫొటోకూ మొదటిదానికీ పోలికే ఉండదు. ప్రతి గుంపులోనూ ఎక్కువ పిక్సెళ్లున్న ఫొటోను ప్రతినిధిగా పెట్టుకుని, దానికి హద్దులోపు ఉన్నవాటినే ఆ గుంపులో ఉంచండి. తొలగించాల్సినవాటిని వెంటనే చెరిపేయకుండా వేరే ఫోల్డర్‌లోకి జరిపి, కొంతకాలం అక్కడే ఉంచండి.

మోసం చేయాలని కూర్చున్నవాళ్లను ఆపడానికి మాత్రం దీనిమీద ఆధారపడవద్దు. పిల్లలపై లైంగిక వేధింపుల ఫొటోలను గుర్తించేందుకు ఆపిల్ 2021 ఆగస్టులో న్యూరల్‌హ్యాష్ అనే తన సొంత పర్సెప్చువల్ హ్యాష్ ఆధారిత పథకం ప్రకటించింది. కొద్దిరోజుల్లోనే ఫోన్లలోంచి ఆ మోడల్‌ను బయటికి తీసి, ఏ పోలికా లేని రెండు బొమ్మలకు ఒకే హ్యాష్ వచ్చేలా చేసి చూపించారు. 2022 డిసెంబరులో ఆ పథకాన్ని ఆపిల్ విరమించుకుంది. మైక్రోసాఫ్ట్, హనీ ఫరీద్ 2009లో అలాంటి ఫొటోలను గుర్తించడానికే రూపొందించిన ఫొటోడీఎన్‌ఏ హ్యాష్ లోపలి వివరాలను బహిరంగంగా ప్రచురించకపోవడానికీ ఇదే భయం కారణం. అన్నట్టు, హ్యాష్ బయటపడితే ఫొటో భద్రంగానే ఉందనుకోవడమూ సరికాదు. 64 బిట్లలోంచి వెలుగునీడల మసక రూపం కొంత తిరిగి రాబట్టవచ్చు.

హ్యాష్‌తో పాటు ఏ పద్ధతి, ఎన్ని బిట్లు, ఏ లైబ్రరీ, దాని ఏ వెర్షన్ అన్నవి కూడా అదే వరుసలో రాసి ఉంచండి. రెండేళ్ల తరువాత లైబ్రరీ మారితే పాత హ్యాష్‌లను కొత్తవాటితో పోల్చకూడదని ప్రోగ్రామ్‌కు తెలియాలి కదా. వీలైతే 32 అడ్డం, 32 నిలువు గ్రేస్కేల్ బొమ్మను కూడా దాచి, మొదటి నుంచీ హ్యాష్‌లన్నీ దాని నుంచే తీయండి. ఒక్కోటి 1,024 బైట్లే, లక్ష ఫొటోలకు 100 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూ. రేపు పద్ధతి మార్చాలనిపించినా అసలు ఫైళ్లను మళ్లీ తెరవాల్సిన పని ఉండదు.